ఊరంతటికీ ఒకటే పొయ్యి!

విదేశం వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ ఏం తిన్నారు?" అని. రెండోది, "చీరలేనా, డ్రెస్సులు వేసుకున్నారా?" అని. ఎందుకు వెళ్ళావని అడిగినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరే. ఆ ఇద్దరికీ చెప్పిందే మీకూ చెబుతున్నాను. తిండి సంగతి కూడా చెబుతాను లెండి, కంగారు పడకండి.

మాది పాల్వంచ. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన నాటినుంచీ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఎదురుగా పవర్‌హౌస్ కూలింగ్ టవర్లు కనిపించేవి. పిల్లలకి అన్నం తినిపించేటప్పుడు చందమామ లేని రోజున వాటినే చూపించేదాన్ని. మా వారు బడిపంతులుగా రిటైరయ్యారు. నేను ఓ చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున అడవి అంచు గూడేలలో మహిళా సంఘాల లెక్కలు రాసిపెడుతుంటాను. బూర్గంపహాడ్ దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం, అక్కడినుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు... వారానికి రెండు రోజులు బస్సుల్లోనే సరి.

ఆ లెక్కల పుస్తకాల పుణ్యమా అని 2024 జూన్‌లో నాకు డెన్మార్క్ ప్రయాణం తగిలింది. ఎండ, గాలి, గడ్డి, పేడ... వీటితో కరెంటూ వేడీ తయారుచేసుకుంటున్న పల్లెల వాళ్ళు నాలుగు దేశాలనుంచి వచ్చి ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమావేశం. పిలుపు నిజానికి నాకు కాదు. మా సంఘాల్లో ఒక కోయ అక్కకి. ఆమెకు తోడుగా, మాట అందించడానికి నేను. పేరు రాయొద్దంది కాబట్టి అక్క అనే రాస్తాను. యాభై దాటిన మనిషి, ఇప్పపూలు ఏరిన చేతులు, బడి మొహం చూడలేదు. కానీ ఇరవయ్యేళ్ళుగా సంఘం డబ్బు పైసా తేడా రాకుండా నోటిలెక్కతో చెబుతుంది. నేను క్యాలిక్యులేటర్ తీసేలోపు ఆమె జవాబు చెప్పేస్తుంది!

పాస్‌పోర్టు కోసం పడ్డ పాట్లు రాస్తే అదో సీరియల్ అవుతుంది. పుట్టిన తేదీ ఏదంటే "గోదారి పెద్దగా వచ్చిన ఏడాదికి నాకు పెళ్ళీడు" అనేది అక్క. అంటే 1986 వరద, భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన ఏడు. ఆ లెక్కన కాగితం పుట్టించడానికి ఎన్ని తిరుగుళ్ళు తిరిగామో మీ ఊహకే వదిలేస్తున్నా.

విమానంలో కిటికీ పక్కన కూర్చుని అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "దీనికి ఎంత నూనె పోస్తరమ్మా?" అంది. చెప్పాను, బోలెడు. "మరి పొగ తగ్గించే ముచ్చట చెప్పుకోవడానికి ఇంత పొగ పెట్టుకుంట పోతున్నమా?" అంది. నాకు సమాధానం తోచలేదు. అప్పుడే ఒక పాత సంగతి గుర్తొచ్చి ఆమెకు చెప్పాను. మీక్కూడా తెలియాల్సిందే.

అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలో, అంటే ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, పవర్‌గూడ అని ఒక చిన్న గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘం వాళ్ళు కానుగ మొక్కలు పెంచి, గింజలనుంచి నూనె తీయించారు. కానుగ నూనె మనకు కొత్తా? దీపాలకీ, గజ్జికీ వాడిందే. ఆ నూనెను డీజిల్‌కి బదులు వాడితే పదేళ్ళలో ఎంత పొగ మిగులుతుందో లెక్కకట్టి, 147 టన్నుల మేరకు 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాళ్ళకి డబ్బు చెల్లించింది. 645 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు ముప్పై వేల రూపాయలు. ఎందుకో తెలుసా? వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశానికి జనం విమానాల్లో వచ్చి వెళ్ళినందుకు అయిన పొగకి పరిహారంగా!

అక్క అంతా విని, "అంటే వాళ్ళు తిరిగితే మన గోండోళ్ళు కడిగిర్రన్నమాట" అంది. అంతే, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

కోపెన్‌హాగెన్‌లో దిగి, రెండు గంటలు రైల్లో కాలుండ్‌బోర్గ్ అనే రేవుకి వెళ్ళాం. రేవు దగ్గర పెద్ద పెద్ద పొగగొట్టాలు కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది, అచ్చం మా పాల్వంచే! అది ఏళ్ళ తరబడి బొగ్గుతో నడిచిన పవర్‌హౌస్ అనీ, తర్వాత బొగ్గు మాని చెక్కముక్కలతో నడిపే ఏర్పాటు చేశారనీ చెప్పారు. అక్కడినుంచి ఫెర్రీ ఎక్కాలి. మన పాపికొండల లాంచీలాంటిదే అనుకున్నాను గానీ, దాని కడుపులోకి లారీలు, కార్లు, సైకిళ్ళు అన్నీ ఎక్కేశాయి. గంటకు పైగా సముద్రం మీద ప్రయాణం. ముందు గాలి మరలు కనిపించాయి, తర్వాత నేల కనిపించింది. అదే సామ్సో దీవి.

దీవి పెద్దదేం కాదు. 114 చదరపు కిలోమీటర్లు. జనం నాలుగువేల లోపే. మన దగ్గర ఒక మోస్తరు గ్రామ పంచాయితీలో ఉండేంత. ఆలుగడ్డలు, స్ట్రాబెర్రీలు పండిస్తారు, పందుల్ని పెంచుతారు, వేసవిలో టూరిస్టులు వస్తారు. 1997 దాకా వీళ్ళకి కావలసిన కరెంటూ, చలికి వేడీ, చాలామటుకు బయటినుంచే వచ్చేది. చమురు ఓడల్లో, కరెంటు సముద్రం అడుగున వేసిన తీగలో. ఆ ఏడాది డెన్మార్క్ ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది. పదేళ్ళలో పూర్తిగా సొంత గాలి, సొంత గడ్డి, సొంత ఎండతో బతికి చూపించే దీవి ఏదని. సామ్సో గెలిచింది. గెలిచిందంటే డబ్బుల మూట ఇచ్చారనుకునేరు! పేరొక్కటే ఇచ్చారట. మిగతాది మీరే చూసుకోండన్నారు.

2000లో నేల మీద 11 గాలిమరలు నిలబెట్టారు, ఒక్కొక్కటి ఒక మెగావాట్. 2003 నాటికి దీవికి దక్షిణాన సముద్రంలో 10 పెద్ద మరలు, ఒక్కొక్కటి 2.3 మెగావాట్లు. నాకు ఈ అంకెలు సరిగా తలకెక్కలేదు గానీ, ఇంటి భాషలో చెప్పాలంటే దీవి వాడుకునే దానికంటే ఎక్కువ కరెంటు ఏడాది మొత్తం మీద తయారవుతోంది. మిగిలింది తీగలో అవతలి ఒడ్డుకి పోతోంది.

సమావేశం మొదటిరోజు ఉపన్యాసాలు. నిజం చెప్పొద్దూ, సగం సేపు నాకు కునుకు పట్టింది. రాత్రి పదింటిదాకా పొద్దుగూకకపోతే నిద్రెక్కడ పడుతుంది చెప్పండి! రెండోరోజు ఊళ్ళోకి తీసుకెళ్ళారు, అప్పుడు తెలివొచ్చింది.

ఊరి చివర పెద్ద రేకుల షెడ్డు. లోపల ఇంత ఇంత గడ్డి మోపులు, మన వామికి మల్లే పేర్చి ఉన్నాయి. గోధుమ, బార్లీ కోసిన తర్వాత మిగిలిన గడ్డి. ఒక క్రేన్ ఒక్కో మోపునీ ఎత్తి, ఒక పెద్ద పొయ్యిలోకి తోస్తోంది. పొయ్యి చుట్టూ నీళ్ళు. కాగిన నీళ్ళు భూమిలో వేసిన గొట్టాల్లోంచి ఇంటింటికీ పోతాయి. అక్కడ గోడలకున్న ఇనుప పలకల్లో తిరిగి గదిని వెచ్చబెట్టి, స్నానాల నీళ్ళు వేడిచేసి, చల్లారి మళ్ళీ ఇక్కడికే వస్తాయి. అదే నీరు, తిరుగుతూ ఉంటుంది. బూడిద పొలాలకి ఎరువు. గడ్డి అమ్మిన రైతుకి డబ్బు. దీవిలో ఇలాంటివి మూడు ఊళ్ళలో గడ్డితో నడుస్తున్నాయి, ఉత్తరాన నార్డ్‌బి దగ్గర నాలుగోది చెక్కముక్కలతో, ఎండ పలకలతో కలిపి నడుస్తోంది.

అక్క ఆ షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగింది. పొయ్యి తలుపులో ఉన్న చిన్న అద్దంలోంచి మంట చూసింది. నావైపు తిరిగి, "ఊరంతటికీ ఒకటే పొయ్యా!" అంది. ఆ గొంతు నాకింకా చెవుల్లోనే ఉంది.

ఎందుకంటే ఆమె గూడెంలో ఇంటికో పొయ్యి, పొయ్యికో జత కళ్ళు. మీకు గ్యాస్ పొయ్యి ముందు నిలబడి ఇది చదువుతుంటే వింతగా ఉంటుందేమో. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, సిలిండర్ చాలా ఇళ్ళకి చేరింది. చేరిన మాట నిజమే. కానీ రెండోసారి నింపించుకోవడానికి రోజుకూలీ పోగొట్టుకుని రోడ్డు దాకా మోయాలి. కాబట్టి సిలిండర్ మూల నిలబడి ఉంటుంది, దాని మీద బియ్యం చేట. వంట మాత్రం కట్టెల మీద, వానాకాలం పచ్చి కట్టెల మీద, మైదానం ఊళ్ళలో అయితే పత్తి కట్టె, మిరపకట్టె మీద. అక్క తల్లికి కళ్ళు పూర్తిగా పోయాయి. "పొగకే పోయినయి" అంటుంది అక్క. డాక్టర్లు ఏమంటారో గానీ, ఆ పొయ్యి ముందు ఒక గంట కూర్చుంటే నాకు మాత్రం ఆమె మాట మీద అనుమానం రాలేదు.

ఇక గాలిమరల సంగతి. చూడ్డానికి బావుంటాయి. దగ్గరికి వెళితే 'వుష్... వుష్...' అని చీర దులిపినట్టు చప్పుడు. మాతో వచ్చిన ఒకాయన, ఈ చప్పుడుకి ఊళ్ళోవాళ్ళు గొడవ చేయలేదా అని అడిగాడు. మాకు దీవి చూపిస్తున్నావిడ నవ్వి చెప్పింది. తనకీ ఇందులో వాటా ఉందట. గాలి గట్టిగా వీచి మర తిరిగిన రోజు ఆ చప్పుడు డబ్బు చప్పుడులా ఉంటుందట!

అసలు కిటుకంతా ఇక్కడే ఉందండీ. నేల మీది 11 మరల్లో తొమ్మిది రైతులవి. రెండు మాత్రం చిన్న చిన్న వాటాలుగా కొన్ని వందలమంది దీవివాసులవి. సముద్రంలో ఉన్న పదింట్లో అయిదు వాళ్ళ మునిసిపాలిటీవి. బడిటీచరు, కిరాణా కొట్టాయన, విధవరాలైన ముసలమ్మ, అందరూ భాగస్తులే. మొదట్లో జనానికి నమ్మకం లేదట. దీవిలోనే పుట్టిన సోరెన్ హెర్మన్‌సెన్ అనే ఆయన ఇల్లిల్లూ తిరిగి, ప్రతి మీటింగులో కూర్చుని, ఏళ్ళ తరబడి ఒప్పించాడు. 2008లో టైమ్ పత్రిక ఆయన్ని పర్యావరణ వీరుల్లో ఒకడిగా లెక్కపెట్టింది. 2021లో ఐక్యరాజ్యసమితి దీవికి వాతావరణ బహుమతి ఇచ్చింది. బహుమతులకేం గానీ, ఆ ఇల్లిల్లూ తిరగడం ఉంది చూశారూ, అది ఎంత కష్టమో సంఘం లెక్కలు రాసే నాకు తెలుసు. ఒక్క సంతకం కోసం నాలుగుసార్లు తిరుగుతాం!

మాకు మాట్లాడే వంతు మూడోరోజు వచ్చింది. అక్క కోయలో, తెలుగులో కలిపి చెప్పింది. నేను తెలుగు చేశాను, ఇంకొకావిడ ఇంగ్లీషు చేసింది. అక్క చెప్పింది చాలా చిన్న కథ. తన చిన్నప్పుడు గుట్ట ఎక్కితే దూరాన ఎక్కడో కరెంటు దీపాలు కనిపించేవట. చుక్కలు నేల మీద పడ్డాయి అనుకునేవాళ్ళట. తన గూడెంలో బల్బు వెలిగేసరికి తనకి ముగ్గురు పిల్లలు. తర్వాత ఎవరో వచ్చి సోలార్ వీధిదీపాలు నాలుగు పెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. రెండేళ్ళు బాగా వెలిగాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే ఆరిపోయాయి. బ్యాటరీ పోయిందన్నారు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఇప్పుడు ఆ స్తంభాలకి మేకల్ని కడుతున్నారు.

తర్వాత అక్క ఒకటే ప్రశ్న అడిగింది. "మీ మర ఆగిపోతే ఎవలు బాగుచేస్తరు?"

హాలు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. పెద్ద పెద్ద బొమ్మలు వేసి చూపించిన మూడురోజుల్లో ఇంత తేలిక ప్రశ్న ఎవరూ అడగలేదు మరి. దీవి రైతు ఒకాయన లేచి చెప్పాడు. కరెంటు అమ్మిన డబ్బులోంచి ముందు రిపేరు భాగం తీసి పక్కన పెడతారట, వాటాలు పంచుకునేది ఆ తర్వాతే. ఎంత అవసరం వచ్చినా ఆ భాగం ముట్టరట. అక్క తల ఊపింది. "విత్తనాల గింజలు తినకూడదు. అంతే గదా" అంది నాతో. ఇది ఇంగ్లీషులోకి చేరేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. అక్కకి మాత్రం ఎందుకు కొట్టారో అర్థం కాలేదు.

తిండి చెబుతానన్నాను కదూ! నల్లటి పుల్లరొట్టె, దాని మీద వెన్న, పొగబెట్టిన చేప. అక్క చేపని మెచ్చుకుంది. రొట్టెకి నేను తీసుకెళ్ళిన కారప్పొడి రాసుకుని లాగించింది. నాకు మాత్రం అక్కడి ఆలుగడ్డలు నచ్చాయి. జూన్‌లో వచ్చే లేత గడ్డలు, గోళీకాయలకంటే కాస్త పెద్దవి, తొక్క వేలితో రుద్దితే ఊడిపోతుంది. వాళ్ళు ఉడకబెట్టి వెన్న వేసుకుంటారు. ఒక సాయంత్రం వంటింట్లోకి మమ్మల్ని రానిచ్చారు. ఉడికించిన గడ్డల్ని తొక్కతోనే నూనెలో పొర్లించి, ఎండుమిరప, వెల్లుల్లి, జీలకర్ర దంచి చల్లాను. కరివేపాకు ఒక్కటే లోటు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ నీళ్ళు తాగారు!

ఆ గడ్డలు కొన్న తీరు చెప్పాలి. రోడ్డు పక్కన చిన్న బల్ల. బల్ల మీద గడ్డల సంచులు, స్ట్రాబెర్రీ డబ్బాలు, ఒక డబ్బుల డబ్బా. మనిషి లేడు. ధర చీటీ మీద ఉంది. డబ్బు వేసి సంచి తీసుకోవడమే. నేను చుట్టూ చూశాను, ఎవరైనా చెట్టు చాటునుంచి కనిపెడుతున్నారేమోనని! అక్క మాత్రం ఆశ్చర్యపోలేదు. "మా అమ్మల కాలంల అడివిల కట్టెమోపు పెట్టి దాని మీద రాయి పెడితే ఎవలూ ముట్టకపోయేది" అంది.

దీవిని మరీ స్వర్గం చేసి చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే. గాలి లేని రోజున వాళ్ళకీ కరెంటు అవతలి ఒడ్డునుంచే వస్తుంది. ఏడాది మొత్తం లెక్కలోనే వాళ్ళది మిగులు. కార్లు చాలావరకు ఇంకా పెట్రోలువే. చదువుకున్న పిల్లలు పట్నాలకి వెళ్ళిపోతున్నారు, జనం తగ్గుతున్నారు. పైగా వాళ్ళ ప్రభుత్వం మొదటి పదేళ్ళూ కరెంటుకి ఖాయం ధర కట్టించింది. ఆ భరోసా ఉంది కాబట్టే బ్యాంకులు అప్పులిచ్చాయి. ఆ భరోసా లేకుండా గూడేనికి వెళ్ళి వాటాలు కొనమనడం న్యాయమా?

తిరిగొచ్చాక మా ఇంట్లోనే చర్చ మొదలైంది. డాబా మీద సోలార్ పెట్టిద్దామంటే మా వారు, "రెండొందల యూనిట్ల దాకా ఫ్రీ కరెంటు వస్తోంటే ఎందుకే?" అన్నారు. అదీ నిజమే, గృహజ్యోతి 2024 మార్చి నుంచి వస్తోంది. కానీ ఏసీ ఉన్న ఇంట్లో వేసవిలో రెండొందలు దాటకుండా ఉంటుందా చెప్పండి. ఆలోచించే వాళ్ళకోసం నాకు తెలిసింది రాస్తున్నాను. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ. పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు డబ్బు మనమో, బ్యాంకో పెట్టాలి. ఒక కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు నీడపడని డాబా కావాలి, మంచి ఎండలో రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పని సంగతొకటి. బ్యాటరీ లేని మామూలు ఏర్పాటులో వీధిలో కరెంటు పోతే, ఎండ మండిపోతున్నా మీ ఇంట్లో కూడా పోతుంది! లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా ఆపేస్తారు. పలకల మీద దుమ్ము పొద్దున్నే కడగండి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దు, పగిలే ప్రమాదం ఉంది.

ఆ ఏడాదే ఆగస్టు 5న మా పాత పవర్‌హౌస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టారు. పాత యూనిట్లు అంతకు ముందే మూతపడ్డాయి, కొత్తవి బొగ్గుతో నడుస్తూనే ఉన్నాయి. నూరు మీటర్ల పైచిలుకు ఎత్తున్నవి, బొమ్మల్లా మోకాళ్ళ మీద కూలిపోయాయి. మా వీధంతా డాబాలెక్కి ఫోన్లలో తీసుకుంది. నాకెందుకో ఏడుపొచ్చింది. పొగగొట్టాల మీద ప్రేమతో కాదు, అవి చూపించి అన్నం తినిపించిన పిల్లలు ఇప్పుడు దూరదేశాల్లో ఉన్నారు.

నవంబరులో ఇంకో కబురు. మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని రాష్ట్రంలో ఒప్పందం కుదిరింది. పేపరు తీసుకెళ్ళి గూడెంలో చదివి వినిపించాను. అందరూ సంతోషించారు. అక్క మాత్రం మూడు ప్రశ్నలు అడిగి, నా పుస్తకంలో రాయించింది. కాగితం మీద సంతకం ఎవరిది? డబ్బు పడే ఖాతా ఎవరి చేతిలో? రిపేరు భాగం ముందు తీస్తారా, వెనక తీస్తారా? ప్లాంటు మా దాకా వచ్చిన రోజు అడగడానికి ఆ పేజీ మడిచి పెట్టుకున్నాను. మీ సంఘానికి ముందే వస్తే మీరూ అడగండి.

ఈలోగా గూడెంలో ఒక పని జరిగింది. ఆరిపోయిన నాలుగు దీపాల్లో ఒకదానికి బ్యాటరీ కొనాలని ఇంటికి నెలకి ఇరవై రూపాయలు వేస్తున్నారు. తాళం వేసిన పెట్టె ఇద్దామని నేను భద్రాచలంలో ఒకటి కొనుక్కెళ్ళాను. అక్క తాళం తీసి నా సంచిలో వేసి, పెట్టెను స్తంభం పక్కింటి అరుగు మీద పెట్టింది. "ఆ దీవోళ్ళు గడ్డలకే పెట్టలేదు, మన దీపానికి పెడుదమా" అంది. నేను భయపడుతూనే ఉన్నాను, వెళ్ళిన ప్రతిసారీ ఎవరూ చూడకుండా లెక్కపెట్టుకుంటున్నాను కూడా. కిందటి శనివారం వరకూ పద్ధెనిమిది వందల అరవై ఉన్నాయి. మేకలు మాత్రం ఇంకా అదే స్తంభానికి.